కుదురుపడిన ఎలక్ట్రాను: ఒక పారిభాషిక పదమును గూర్చి

శాస్త్రపదములను తెలుగు చేయువారిలో ఒక అలవాటు చాలకాలముగా పాతుకొనియున్నది. ఆంగ్లపదమును ముందుంచుకొని, దానిని ముక్కలుగా విరిచి, ఒక్కొక్క ముక్కకు సంస్కృతమున ధాతువునో ప్రత్యయమునో వెదకి, మరల అతికింతురు. ఈ పద్ధతిలో మాట సులభముగా పుట్టును. అర్థము పుట్టినదా లేదా అనునది వేరొక ప్రశ్న. ఆ ప్రశ్నను భాషాశాఖలవారు భౌతికశాస్త్రజ్ఞులకు విడిచిపెట్టుచున్నారు; భౌతికశాస్త్రజ్ఞులు అది భాషావేత్తల పని యని తలచుచున్నారు. నడుమ మాట మాత్రము పదకోశమున కెక్కి కూర్చుండుచున్నది.

దీనిని గూర్చి సామాన్యముగా వాదించుటకంటె ఒక్క విషయమును గైకొని పరీక్షించుట మేలు. నేనెన్నుకొన్నది ఘనపదార్థ భౌతికశాస్త్రములోనిది. పరమాణువులు వరుస దీరి యుండని పదార్థములలో, ముఖ్యముగా మిక్కిలి సన్నని తీగలలోను పలుచని పొరలలోను, ఎలక్ట్రాను ముందునకు సాగక ఒక తావును పట్టుకొని యుండిపోవును. ఆంగ్లమున దీనికి లోకలైజేషన్ అని పేరు. ఆ శాస్త్రవిభాగపు పూర్తి పేరును మక్కికి మక్కిగా తెలుగు చేసినచో 'అక్రమ అల్పపరిమాణ వ్యవస్థలలో ఎలక్ట్రానుల స్థానికీకరణము' అని వచ్చును. దినపత్రికలు చదువు తెలుగువానికి ఈ పంక్తి, చట్టవిరుద్ధముగా నడచుచున్న చిన్న సంస్థలపై ప్రభుత్వము తీసికొన్న చర్యవలె వినబడును. ఇది నవ్వి విడువదగినది కాదు. ఇందలి అక్రమము, అల్పపరిమాణము, స్థానికీకరణము అను మూడు మాటలును మూడు విధములుగా విషయమును తప్పుదారి పట్టించుచున్నవి. తెలుగు మాధ్యమమున చదివిన విద్యార్థి ఆ మాటలనే నమ్మి ముందునకు పోయినచో, ఆంగ్లమున చదివినవానికి లేని మూడు అపోహలు వానికి అదనముగా లభించును.

మొదట విషయమును తెలిసికొందము. 1900లో డ్రూడే అను జర్మను శాస్త్రజ్ఞుడు, లోహములోని ఎలక్ట్రానులు వాయువులోని అణువులవలె తిరుగుచుండుననియు, అవి దారిలో తగిలి చెదరుటవలననే విద్యున్నిరోధము కలుగుచున్నదనియు ఊహించెను. 1928లో బ్లాఖ్ ఆ చిత్రమును మార్చెను. ఎలక్ట్రాను తరంగము కూడ గనుక, పరమాణువులు సమమైన ఎడములలో వరుసదీరిన స్ఫటికమున అది అడ్డులేక సాగిపోగలదు. నిరోధమునకు మూలము పరమాణువుల ఉనికి కాదు, వాని వరుస తప్పుట. మాలిన్యములు కలిసినను, వేడిమిచే పరమాణువులు కంపించినను వరుస తప్పును. వరుస ఎంత తప్పిన నిరోధమంత హెచ్చునేగాని, ఎంత ఆలస్యముగానైనను ఎలక్ట్రాను ఆవలి యొడ్డు చేరునని అప్పుడందరును నమ్మియుండిరి.

ఈ నమ్మకమును 1958లో ఫిలిప్ ఆండర్సన్ త్రోసిపుచ్చెను. ఆయన అప్పుడు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేయుచుండెను. వరుస తప్పుట ఒక హద్దు మీరినచో, ఎంతకాలము గడచినను ఎలక్ట్రాను తాను బయలుదేరిన చోటి పరిసరములను విడువదని ఆయన గణితముచే చూపెను. అట్టి ఎలక్ట్రాను తరంగము ఒక కేంద్రముచుట్టు బలముగా నుండి, దూరము పెరిగినకొలది ఘాతీయముగా సన్నగిలిపోవును. ఈ కృషికిని, అయస్కాంత పదార్థములపై చేసిన కృషికిని ఆయన 1977లో మాట్, వాన్ వ్లెక్ అను వారితో కలిసి నోబెల్ బహుమానము పొందెను. భాషావేత్తలు గమనింపదగిన సంగతి ఒకటి కలదు: ఆ 1958 నాటి వ్యాసపు శీర్షికలో లోకలైజేషన్ అను మాట లేదు. కొన్ని వరుస తప్పిన జాలకములలో 'వ్యాపనము లేకపోవుట' అనియే దాని శీర్షిక. ఆద్యుడు తన విషయమునకు అభావముచే పేరు పెట్టెను. అభావమును ఒక పదార్థముగా లెక్కించిన వైశేషికుల దేశమున ఈ పేరు వింతగా తోచరాదు. మాటలు కూర్చువారు దీనినుండి ఒక విషయమైనను గ్రహింపవలసియుండెను: ఇచ్చట ఎవరును ఎలక్ట్రానును పట్టి ఒకచోట నుంచుట లేదు. పోవుట యనునది జరుగుట లేదు, అంతే.

అది ఎందుచేత జరుగదు? గుంటలో పడిన గోలివలె ఎలక్ట్రాను చిక్కుకొనుటచేత కాదు. అట్లు చిక్కుకొనుట వేరు. పరమాణువు తన ఎలక్ట్రానును బంధించియుంచుట ఆ జాతిలోనిది. ఇక్కడి కారణము తరంగముల కలయిక. ఎలక్ట్రాను తరంగము అడ్డంకులమీద చెదరి, అనేక మార్గములలో తిరిగి, అందు కొన్ని మార్గములచే బయలుదేరిన చోటికే వచ్చును. అట్టి చుట్టుదారి ఒక్కొక్కటి రెండు విధములుగా నడువదగినది: సవ్యముగాను అపసవ్యముగాను. గుడిచుట్టు ఇద్దరు ఒకే వేగముతో బయలుదేరి, ఒకరు ప్రదక్షిణముగాను ఒకరు అప్రదక్షిణముగాను తిరిగినచో ధ్వజస్తంభమువద్దకు ఒకే క్షణమున చేరుదురు. తరంగము విషయమునను అంతే. రెండు దిశల తరంగములును ఒకే దూరము, అవే అడ్డంకులు దాటి వచ్చుటచే, శిఖరముమీద శిఖరము పడి ఒకదానినొకటి బలపరచుకొనును. అందుచే ఎలక్ట్రాను తిరిగివచ్చు సంభావ్యత సామాన్యపు లెక్కకు రెండింతలగును. తిరిగివచ్చుట హెచ్చెనన్న, ముందునకు పోవుట తగ్గెనన్నమాట. అయస్కాంత క్షేత్రమును ప్రయోగించినచో ఈ సవ్యాపసవ్యముల సమత చెడి, ఎలక్ట్రాను కొంత విడుదల పొందును, నిరోధము తగ్గును. ఈ తగ్గుదలను ప్రయోగశాలలో కొలువవచ్చును. కారణము తరంగముల కలయికయే యనుటకు ఇది గట్టి సాక్ష్యము.

ఇక తీగలు, పొరల ప్రసక్తి. తిరిగివచ్చుట మీద ఇంత ఆధారపడినప్పుడు, తిరుగుటకు ఎన్ని దిశలున్నవి అనునది ముఖ్యమగును. దిక్కుతోచక నడచువాడు ఒకే రేఖమీద గాని, సమతలముమీద గాని ఉన్నచో, ఎప్పటికైనను బయలుదేరిన చోటికి తప్పక వచ్చుననియు, మూడు దిశలలో తిరుగువాడు రాకయే పోవచ్చుననియు 1921లో పోయా నిరూపించెను. ఘనజాలకమున తిరిగివచ్చు సంభావ్యత నూటికి 34 మాత్రమే. ఎలక్ట్రాను కథయు ఈ దారినే నడచినది. ఒకే దిశ గల తీగలో వరుస ఎంత స్వల్పముగా తప్పినను ఎలక్ట్రానులన్నియు నిలిచిపోవునని 1961లో మాట్, ట్వోస్ అనువారు వాదించిరి. నిజమైన సన్నని తీగలలో కూడ, నిరోధము సుమారు 10,000 ఓములు మించినచో, చాల తక్కువ ఉష్ణోగ్రతలో ఇది కానవచ్చునని 1977లో థౌలెస్ చెప్పెను. 1979లో అబ్రహామ్స్, ఆండర్సన్, లిచ్చియార్డెల్లో, రామకృష్ణన్ అను నలుగురు వెలువరించిన చిన్న వ్యాసము, రెండు దిశలు గల పొరలకును నిజమైన లోహస్థితి లేదని తేల్చెను. ఆ యేటనే డోలన్, ఓషెరాఫ్ అనువారు బంగారము, పల్లాడియము కలిసిన పలుచని పొరలలో, చల్లార్చినకొలది నిరోధము లాగరిథము ననుసరించి మెల్లగా పెరుగుట చూచిరి. ఎలక్ట్రానుల పరస్పర వికర్షణ కూడ అట్టి పెరుగుదలనే కలిగించునని వెంటనే తెలియవచ్చుటచే, ఏది ఎంత అని విడదీయుటకు అయస్కాంత క్షేత్రమే దిక్కయ్యెను.

ఆ నలుగురిలో టి. వి. రామకృష్ణన్ భారతీయుడు. సన్నని తీగలలో నిరోధము ఏ విధముగా పంచబడియుండునో తెలుపు సమీకరణమునకు, అందు పాలుగొన్న వారి పేళ్ల మొదటి యక్షరములు కలిపి పెట్టిన పేరులో చివరి యక్షరము నరేంద్ర కుమార్ గారిది. ఆయన తరువాత బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థకు సంచాలకులుగా నుండిరి. ఇది పరాయివారి శాస్త్రము, మనము దిగుమతి చేసికొనుచున్నాము అను మాట ఇచ్చట చెల్లదని తెలుపుటకే ఈ పేళ్లు చెప్పితిని. శాస్త్రము నడిపినవారిలో మనవారున్నారు. దానిని మన భాషలో చెప్పు మాటలే కుదురుకొనలేదు.

ఇప్పుడు ఆ మూడు మాటలు.

'పరిమాణము' అను మాటను డైమెన్షన్‌కు వాడుట కలదు, 'మితి' అను మాటయు కలదు. పరిమాణమనగా తెలుగున కొలత, ప్రమాణము, పెద్దరికము. అల్పపరిమాణమనిన చిన్నది యనియే అర్థము. కాని పైన చెప్పిన తీగ చిన్నది కానక్కరలేదు. నిజమునకు దాని వింత యంతయు పొడవునందే యున్నది. ఓము నియమము ప్రకారము తీగ పొడవు రెండింతలు చేసిన నిరోధము రెండింతలగును. ఎలక్ట్రానులు నిలిచిపోయిన తీగలోనైతే నిరోధము పొడవుతో ఘాతీయముగా పెరిగి, పది యున్నచోట పదింతలు, నూరున్నచోట నూరింతలు అన్నట్లు మీరిపోవును. 'అల్పపరిమాణము' అని చదివినవానికి ఈ సంగతి ఎట్లు తట్టును? మితియే మేలు. ఏకమితి, ద్విమితి యనిన సరిపోవును. అల్ప శబ్దమే అక్కరలేదు.

'అక్రమము' సంగతి మరింత చెడ్డది. సంస్కృతమున క్రమము లేనిదను అర్థము దానికి న్యాయముగనే కలదు. కాని తెలుగున అక్రమమనిన అన్యాయము. అక్రమార్జన, అక్రమ నిర్మాణము అనునవి నిత్యము వినుమాటలు. ఒకే సంస్కృతపదము భారతీయ భాషలన్నిట ఒకే అర్థముతో నుండునను నమ్మకమున కట్టిన భవనమునకు ఇట్టి బీటలు చాల కలవు. శిక్ష హిందీవారికి చదువు, మనకు దండన. ఉపన్యాసము వారికిని వంగీయులకును నవల, మనకు ప్రసంగము. అవకాశము వారికి సెలవు, మనకు వీలు. 1955లో వెలువడిన రఘువీరుని మహాకోశము గాని, 1961లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన శాస్త్రసాంకేతిక పదావళీ సంఘము గాని సంస్కృతమును ఉమ్మడి గనిగా గైకొన్న ఉద్దేశమును నేను తక్కువ చేయను. దేశమందలి విద్వాంసులొకరి మాట ఒకరు గుర్తించుటకు అది సాయపడినది. కాని ఉమ్మడి గనినుండి తీసిన లోహమును ఏ యూరి కంసాలి ఆ యూరి తూనికతోనే తూచవలయును.

అక్రమమునకు మారుగా అల్లకల్లోలము, సంక్షోభము అనువారును కలరు. అవియు పనికిరావు, ఇందుకు కారణము భాషలో లేదు, భౌతికములో నున్నది. ఎలక్ట్రానును నిలుపునట్టి వరుసతప్పు కదలనిది, గడ్డకట్టినది. పరమాణువులు చలించినచో, ప్రదక్షిణ తరంగమునకును అప్రదక్షిణ తరంగమునకును గల పొందిక చెడిపోయి, నిలుపుదలయే పోవును. కనుకనే ఇది మిక్కిలి చల్లని స్థితిలోనే స్పష్టముగా కానవచ్చును. అలజడిని సూచించు ఏ మాటయైనను కారణమునకు సరిగా వ్యతిరేకమైన దానిని కారణముగా చూపును. 'క్రమరాహిత్యము' కొంత పొడవైనను నిర్దోషము. దానిని 'దోషము' అని మాత్రము అనరాదు. 1980లో ఫాన్ క్లిట్జింగ్ కనుగొన్న క్వాంటము హాల్ ప్రభావమున, బలమైన అయస్కాంత క్షేత్రములో నున్న ద్విమితి పొరనుండి 25,812.807 ఓముల నిరోధము ఆశ్చర్యకరమైన నిక్కచ్చితనముతో లభించును. ఆ విలువ కొంతదూరము మారక మెట్టువలె చదునుగా నిలుచుటకు కారణము, మాలిన్యములు కొన్ని ఎలక్ట్రానులను కదలనీయక పట్టుటయే. నిరోధమును కొలుచు ప్రామాణికమునకు ఆధారమైనదానిని దోషమని పిలుచుట ఎట్లు?

ఇక 'స్థానికీకరణము'. హిందీలోని స్థానీకరణమును ఇట్టిదే. దీనిమీద నాకు మూడు ఆక్షేపణలు కలవు. మొదటిది అందరెరిగినదే: కంప్యూటరు ఉపకరణములను ప్రాంతీయ భాషలకు మలచుటకు ఈ మాట ఇప్పటికే స్థిరపడినది. రెండవది స్థానిక శబ్దము: స్థానికులు, స్థానిక ఎన్నికలు, స్థానిక సంస్థలు. ఊరికి సంబంధించినదను అర్థమే దాని ప్రాణము. మూడవది అన్నిటికంటె బలమైనది. 'ఈకరణము' అనునది కర్తను కోరును. జాతీయీకరణమున్నచో జాతీయము చేసినవారున్నారు. విద్యుదీకరణమున్నచో దీపములు పెట్టించినవారున్నారు. ఇక్కడ చేసినవాడు లేడు. ఆంగ్లపు తుది ప్రత్యయము ఆ భాషలో చేయుటకును అగుటకును కూడ చెల్లును. మన కరణము చేయుటకే. ప్రత్యయమునకు ప్రత్యయము పెట్టిన అనువాదములో అకర్మక వ్యాపారము సకర్మకమైపోయినది. విద్యార్థి, 'ఎవరు స్థానికీకరించిరి?' అని అడిగినచో తప్పు వానిది కాదు.

'బద్ధత' అందమా, బంధించుట వేరని పైన చెప్పితిమి. పరమాణుబద్ధమైన ఎలక్ట్రానుకు ఆ మాట ముందే చెందినది. 'స్తంభనము' అందమా, ఎలక్ట్రాను స్తంభించుట లేదు. దాని గతిజశక్తి దానికున్నది, తన యావరణలో తాను సంచరించుచునే యున్నది.

నా ప్రతిపాదన కుదురు. చెట్టు మొదట నీరు నిలుచుటకు చుట్టును కట్టు పాదు కుదురు. కుండ దొర్లకుండ క్రిందనుంచు చుట్ట కుదురు. నిలకడ కుదురు. ఒకచోట కుదురుగా నుండని పిల్లవానిని మన యిండ్లలో దినమునకు పదిమార్లు ఈ మాటతోనే మందలింతురు. అట్టి పిల్లవాడు కుదురుకొన్నను కదలుట మానడు, ఆవరణము దాటడు. కుదురుకొనుట అకర్మకము, కర్త నడుగదు. నడుమ చిక్కనై చుట్టును పలుచనగు ఆకృతిని పాదులోని తడి ఎట్లు చూపునో వేరుగా చెప్పనక్కరలేదు. (పాదునకు గట్టుండును, ఎలక్ట్రానుకు గట్టు లేదు అని ఎవరైన ననవచ్చును. ఉపమానము సర్వాంశములచే సరిపడవలెనన్న ఏ భాషయందును పారిభాషికపదము పుట్టదు.)

పదము మంచిదగునో కాదో తెలియుటకు దాని సంతానమును చూడవలయును. తరంగము ఎంత దూరములో సన్నగిలునో తెలుపు కొలతను 'కుదురుమేర' యనవచ్చును. సవ్యాపసవ్యముల కలయికచే కొంతవరకే నిరోధము పెరుగు తొలిదశ 'అరకుదురు'. నిలుపుదల పోయి తరంగము పదార్థమంతట పరచుకొనుట 'కుదురు తప్పుట'. ఇది మనవారి నోట సిద్ధముగానున్న పలుకుబడి. కుదురుపడిన ఎలక్ట్రాను వేడిమి సాయముచే ఒక కుదురునుండి దూరపు మరియొక కుదురునకు దుముకుటను 1968లో మాట్ వివరించెను. దానికి 'గెంతు' చాలును. స్థానికీకరణము నుండి ఈ కుటుంబమును పుట్టింపబోయినచో 'బలహీన స్థానికీకరణ దైర్ఘ్యము' వంటివి వచ్చును. వానిని పలుకుటకే ప్రత్యేకశిక్షణ కావలయును.

ఆక్షేపణలు ఊహింపగలను. తెనుగుమాటకు సంస్కృతపదము చేర్చి 'కుదురు స్థితి' యనిన సమాసము చెడునని కొందరందురు. బాలవ్యాకరణమున చిన్నయసూరియే మిశ్రసమాసమును అంగీకరించినాడు; మనము సూరిని మించిన నియమనిష్ఠ పాటింప నవసరము లేదు. గ్రామ్యపదము శాస్త్రమునకు తగదందురు. ఆంగ్లశాస్త్రజ్ఞులు గెంతును గెంతనియే పిలుచుచున్నారు, దానికి లాటిను వెదకలేదు. ఇతర భాషలవారికి కుదురు తెలియదందురు. ఇది నిజమైన నష్టము, దీనిని దాచను. కాని ఆ నష్టము అంతర్భాషా విద్వాంసునిది. తెలుగున చదువు విద్యార్థికి కలుగు లాభమును దానికై వదలుకొనుట నాకు సమ్మతము కాదు. కన్నడ, తమిళ, ఒడియా శాఖలవారు తమ యిండ్లలో దీనికి సమమైన మాట వెదకికొని, పట్టికలో ఆంగ్లమునే ఉమ్మడి గుర్తుగా నుంచుకొందురుగాక.

అర్థవివరణము వ్రాయునప్పుడు ఒక జాగ్రత్త వహింపవలయును. 'ద్విమితిలో ఎలక్ట్రానులన్నియు కుదురుపడును' అని కోశమున వ్రాసి చుక్క పెట్టరాదు. 1979 నాటి నిర్ణయము ఎలక్ట్రానుల పరస్పర వికర్షణను లెక్కలోనికి తీసికొనలేదు. ఎలక్ట్రాను భ్రమణము దాని కక్ష్యతో గట్టిగా ముడిపడిన పదార్థములలో సవ్యాపసవ్య తరంగములు బలపరచుకొనుటకు బదులు ఒకదానినొకటి తగ్గించుకొనునని 1980లో హికామి, లార్కిన్, నగఓక చూపిరి. 1994లో క్రావ్‌చెంకో మొదలగువారు సిలికాను పరికరములలోని ద్విమితి ఎలక్ట్రానులు చల్లార్చినకొలది లోహమువలె ప్రవర్తించుట కనుగొనిరి. దాని యర్థమును గూర్చిన వాదము నేటికిని తెగలేదు. భాషాశాఖ ఒంటరిగా కోశము కూర్చినచో ఈ మినహాయింపులు జారిపోవును. ఒకే విశ్వవిద్యాలయ ప్రాంగణమున నాలుగడుగుల దూరములో భౌతికశాస్త్రశాఖ యుండగా, మనము ముప్పదియేండ్ల నాటి పదపట్టికలనుండి పదములు తిరిగి వ్రాసికొనుటలో న్యాయము లేదు. ఒక్కొక్క పదమును ఆ శాస్త్రము బోధించువాడొకడు తరగతిలో మూడు వేర్వేరు వాక్యములలో ప్రయోగించి చూపిన పిమ్మటనే కోశమునకు ఎక్కింపవలెనని నా యభిప్రాయము.

ఎలక్ట్రానుతోనే ఈ మాట ఆగదు. 2008లో ఫ్రాన్సునందును ఇటలీయందును రెండు బృందములు అత్యంత శీతలమైన పరమాణు మేఘములను లేసరు కాంతిచే కల్పించిన క్రమరాహిత్యములో ఇట్లే నిలిపి చూచినవి. కనుక పదమును ఎలక్ట్రానునకు కట్టివేయరాదు. 2006లో బాస్కో, అలైనర్, ఆల్ట్‌షూలర్ అనువారు మరియొక అడుగు వేసిరి. పరస్పరము తాకిడి గల అనేక కణముల సముదాయము కూడ క్రమరాహిత్యముచే తన తొలిస్థితిని మరువక నిలువగలదని వారి వాదము. అక్కడ నిలుచునది మనమెరిగిన చోటునందు కాదు, సముదాయము పొందదగిన స్థితుల విశాలమైన జాలములో నొక మూల. ఆ వాదమునకు పేరు పెట్టవలసివచ్చినప్పుడు స్థానమును పట్టుకొన్న పదమేదియు పనికిరాదు. బహుకణముల కుదురు అనుటకు అభ్యంతరము కానరాదు.